ఫోర్‌మన్ అన్న మాట

క్వారీలో అతన్ని అందరూ హారన్ అనేవారు. మలుపు వస్తే చాలు, ఎదురుగా బండి ఉన్నా లేకపోయినా హారన్ కొట్టకుండా స్టీరింగు తిప్పేవాడు కాదు. "కొండకేం వినపడుతుందన్నా, ఎవరికోసం కొడతావు?" అని తోటి డ్రైవర్లు ఆటపట్టించేవాళ్ళు. "కొండ తప్పుకోదులే. నేను మెలకువగా ఉన్నానని నాకైనా తెలియాలి కదా" అనేవాడు. రాళ్ళు మోసే డంపర్ మీదే అతని సగం జీవితం గడిచింది. అన్నేళ్ళలో పక్క అద్దం పగలగొట్టిన పాపాన కూడా పోలేదు.

అలాంటివాడు ఒక మధ్యాహ్నం నిండు లోడుతో పల్లానికి దిగుతూ, రెండో మలుపు దగ్గర బండితో సహా కిందికి వెళ్ళిపోయాడు. కిందపడ్డ బండి అంటుకుంది. మంటలు ఆర్పేసరికి ఇనుప చట్రం మిగిలింది. మనిషిని పరీక్షించడానికి గానీ, బండిని పరీక్షించడానికి గానీ డాక్టర్లకూ మెకానిక్కులకూ ఏమీ దొరకలేదు.

కొద్దిరోజులకే విచారణ పెట్టారు. క్వారీ ఆఫీసంటే ఒక రేకుల షెడ్డు. కిటికీలు ఎంత బిగించినా రాతిపొడి లోపలికి వచ్చి బల్ల మీద తెల్లగా పేరుకుంటుంది. బల్లకు ఒకవైపు హెడ్డాఫీసు నుంచి వచ్చిన సేఫ్టీ ఆఫీసరు కూర్చున్నాడు. ఇంగ్లండు మనిషి, మాట మెత్తన. ఎదురుగా క్వారీ ఫోర్‌మన్. అతనిది అమెరికా. తలుపు నిండుగా ఉండే భారీ మనిషి ఆ రోజు కుర్చీలో ముడుచుకుపోయి కూర్చున్నాడు. వాళ్ళ మాటలు ఇంటివాళ్ళకు తెలుగులో చెప్పడానికి మేనేజరు వచ్చాడు. గోడవారగా బెంచీ మీద హారన్ భార్య, కూతురు, తమ్ముడు.

భార్య కుట్టుపని చేస్తుంది. స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టి కుట్టి ఆమె కుడిచేతి వేలు కత్తెర పిడికి తగ్గట్టే వంగిపోయింది. కూతురు అప్పుడే డిగ్రీ పూర్తి చేసింది. హారన్ తమ్ముడు ప్లంబరు.

"బండి ఎక్కేటప్పుడు అతను ఎలా ఉన్నాడు?" అని ఆఫీసరు అడిగాడు.

ఫోర్‌మన్ తన చేతుల వంకే చూసుకున్నాడు. "పిస్డ్‌గా ఉన్నాడు" అన్నాడు. "నేను ఆపి ఉండాల్సింది."

ఆఫీసరు చేతిలో పెన్ను బల్ల మీద పెట్టేశాడు. బెంచీ మీద ఉన్న ముగ్గురినీ ఒకసారి చూశాడు. "ఎప్పుడూ అలాగే ఉండేవాడా?"

"లేదు. అతన్ని అలా ఎప్పుడూ చూడలేదు." ఫోర్‌మన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సరే, చాలు" అన్నాడు ఆఫీసరు, ఇంకా మెత్తగా.

మేనేజరు బెంచీ వైపు వంగాడు. "ఎలా చెప్పాలో తెలియడం లేదమ్మా... ఆ రోజు ఆయన తాగి బండెక్కాడట."

హారన్ భార్య ఆ మాట విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి బయటికి నడిచింది. బయట తోటి డ్రైవర్లు గుంపుగా నిలబడి ఉన్నారు. ఆమె ఎవరి ముఖమూ చూడలేదు.

ఆమెకు తాగుడంటే ఏమిటో బాగా తెలుసు. ఆమె సొంత తమ్ముడు దానికే బలైపోయాడు. కడుపు ఉబ్బి, కళ్ళు పసుపు రంగులోకి మారి, ఆఖరికి అక్కను కూడా గుర్తుపట్టలేని స్థితిలో పోయాడు. అందుకే పెళ్ళిచూపుల్లో ఆమె తలెత్తి ఒకటే అడిగింది: "మీరు తాగుతారా?" పెద్దవాళ్ళు నాలుక కరుచుకున్నారు. అతను మాత్రం నవ్వి, "తాగను. తాగితే ఆ రోజే మీరు తలుపేసుకోండి" అన్నాడు. ఆ మాట మీదే ఆమె అతన్ని చేసుకుంది.

ఇంటికి వచ్చి ఇల్లంతా వెతికింది. అటక మీద, పనిముట్ల పెట్టెలో, గ్యాసు బండ వెనక, పాత స్కూటరు సీటు కింద. అతని చొక్కాలన్నీ ఒక్కొక్కటే తీసి వాసన చూసింది. డీజిలు వాసన, రాతిపొడి వాసన తప్ప ఇంకేం లేదు. ఒక్క సీసా దొరకలేదు. దొరక్కపోవడం ఆమెకు ఓదార్పు కాలేదు. "దాచడంలో కూడా ఎంత నేర్పరో చూడు" అంది కూతురితో.

నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, నలుగురూ తలా ఒక పుల్ల వేస్తే పొగ రావడానికి ఎంతసేపు? క్వారీ గేటు దగ్గర టీ కొట్టువాడు, ఆ రోజు హారన్ కళ్ళు ఎర్రగా ఉండటం తాను చూశానన్నాడు. నడకలో తేడా కనిపించిందని ఇంకొకడన్నాడు. మలుపు మలుపుకీ హారన్ కొట్టేది నిద్ర ఆపుకోవడానికేనని, ఆ నిద్ర ఎందుకొచ్చేదో ఇప్పుడు అర్థమైందని మూడోవాడన్నాడు. బతికున్నప్పుడు అతన్ని మెచ్చుకున్న ప్రతి సంగతికీ, పోయాక ఒక వంకర దొరికింది.

కూతురు విచారణలో ఆ ఇంగ్లీషు మాటను చెవులారా విన్నది. మేనేజరు తప్పు చెప్పాడేమోనన్న చిన్న ఆశతో ఇంటికి రాగానే డిక్షనరీ తీసింది. మొట్టమొదటి అర్థమే 'తాగి ఉన్న' అని కనపడింది. ఆ పక్కన, ఇది మర్యాదస్తుల ముందు వాడే మాట కాదని హెచ్చరిక. కింద ఇంకా ఏదో ఉంది. ఆమె కళ్ళు అక్కడిదాకా పోలేదు, పుస్తకం మూసేసింది. బూతుమాట కాబట్టి ఎవరినీ అడగబుద్ధి కాలేదు.

భర్త పోయిన ఆడది ఏడుస్తుంది. ఈమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరైనా ఓదార్చబోతే, "పోయేవాడు పోతూ పోతూ పరువు కూడా పట్టుకుపోయాడు" అని మాట తుంచేసేది. "ఆయన" అనడం మానేసింది. తప్పనిసరైతే కూతురితో "మీ నాన్న" అనేది, అదేదో ఆ పిల్ల తెచ్చిపెట్టిన చుట్టరికమైనట్టు. పొద్దస్తమానం కుట్టుమిషను తొక్కేది. ఆ చప్పుడులో ఇంట్లో ఎవరూ మాట్లాడుకోనవసరం లేకపోయింది.

ఇలా రెండేళ్ళు గడిచాయి.

కూతురికి ఒక కాల్ సెంటర్‌లో ఉద్యోగం దొరికింది. ఫ్రిజ్‌లు పాడైనవాళ్ళు ఫోను చేస్తే ఫిర్యాదు రాసుకుని మెకానిక్‌ను పంపించాలి. మొదట ఇంగ్లండు నుంచి వచ్చే ఫోన్లు చూసేది. తర్వాత ఆమెను అమెరికా ఫోన్ల వైపు మార్చారు. అక్కడికి వెళ్ళిన కొత్తల్లోనే ఒక ముసలావిడ ఫోను చేసింది. గొంతు వణుకుతోంది. మాటకు మాట అతకడం లేదు. మధ్యలో ఆవిడే, "నేను బాగా పిస్డ్‌గా ఉన్నానమ్మాయ్" అంది. కూతురు ఓపిగ్గా వివరాలన్నీ తీసుకుని, ఆఖర్లో 'కస్టమర్ తాగి ఉన్నారు, రేపు మళ్ళీ ఫోను చేయాలి' అని రాసిపెట్టింది.

కాసేపటికి టీమ్ లీడర్ ఆమె కుర్చీ దగ్గరికి వచ్చింది. పదేళ్ళుగా అదే పనిలో నలిగిన మనిషి.

"ఇదేంటమ్మా, ఆవిడ తాగిందని రాశావు? ఫ్రిజ్ ఆగిపోయి మందులన్నీ పాడైపోయాయని పాపం మండిపడుతోంది."

"ఆవిడే చెప్పింది మేడమ్. పిస్డ్‌గా ఉన్నానని."

టీమ్ లీడర్ నవ్వేసింది. "నువ్వింకా ఇంగ్లండులోనే ఉన్నావు. అక్కడ ఆ మాటకు తాగి ఉండటం. వీళ్ళకు కోపంతో ఉండటం. స్పెల్లింగూ అదే, పలకడమూ అదే. రెండు ఊళ్ళవాళ్ళ నోళ్ళలో పడి మాట రెండు దారులు పట్టింది, అంతే. నేనూ మొదట్లో ఇలాగే బోర్లా పడ్డాను."

కూతురు నవ్వలేదు. చెవుల మీది హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది. రేకుల షెడ్డు, తెల్లటి దుమ్ము, కుర్చీలో ముడుచుకున్న ఆ అమెరికావాడు అన్నీ కళ్ళముందు నిలిచాయి.

"ఏమైందే? ముఖం అలా పాలిపోయిందేంటి?"

"మేడమ్, అమెరికావాడు ఎవడైనా, ఎప్పుడైనా, తాగి ఉన్నాడనే అర్థంలో ఆ మాట అంటాడా?"

"నా పదేళ్ళలో వినలేదు" అంది టీమ్ లీడర్.

ఆ రోజు ఆమె ఇంటికి వెళ్ళకుండా నేరుగా బాబాయి దగ్గరికి వెళ్ళింది. అతను ఎవరింట్లోనో సింకు కింద పడుకుని పైపు బిగిస్తున్నాడు. ఆమె చెప్పిందంతా అలా పడుకునే విన్నాడు.

"అన్నయ్య తాగలేదని నాకు ముందే తెలుసమ్మా అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పాలనుంది" అన్నాడు లేచి కూర్చుని. "చెప్పలేను. నేనూ నమ్మాను. ఒకే పక్క మీద పడుకుని పెరిగాం, అయినా నమ్మాను."

"అమ్మకు చెప్పేద్దామా బాబాయ్?"

"వద్దు. ముందు వాణ్ణి అడుగుదాం. ఇది కూడా తప్పని తేలితే వదిన తట్టుకోలేదు."

ఫోర్‌మన్ ఆ ప్రమాదం జరిగిన కొన్నాళ్ళకే క్వారీ వదిలేశాడని తెలిసింది. ఇప్పుడు ఓడరేవులో క్రేన్ల దగ్గర పనిచేస్తున్నాడు. ఇద్దరూ వెతుక్కుంటూ వెళ్ళారు. కంటెయినర్ల నీడలో కూర్చుని రొట్టె తింటున్న అతను, కూతుర్ని చూడగానే గుర్తుపట్టాడు. తింటున్నది కాగితంలో చుట్టేసి లేచి నిలబడ్డాడు. ఎప్పటినుంచో వీళ్ళు వస్తారని ఎదురుచూస్తున్నవాడిలా ఉన్నాడు.

ఆమె చుట్టూ తిప్పకుండా అడిగింది. "మా నాన్న ఆ రోజు పిస్డ్‌గా ఉన్నాడని మీరు చెప్పారు. ఏ అర్థంతో అన్నారు?"

అతనికి ప్రశ్న అర్థం కాలేదు. "ఏ అర్థమేమిటి? కోపంగా ఉన్నాడు. నామీద కోపం."

"తాగి లేడా?"

"తాగడమా?" ఫోర్‌మన్ ఆమెనూ బాబాయినీ మార్చి మార్చి చూశాడు. "అతనా? ఎవరన్నారు ఆ మాట?"

"మీరే" అంది కూతురు.

ఆమె వివరించి చెబుతుంటే ఆ భారీ మనిషి నేల మీద కూర్చుండిపోయాడు. తర్వాత తనే, ఆగి ఆగి, జరిగింది చెప్పాడు.

ఆ రోజు మధ్యాహ్నం హారన్ వచ్చి, వచ్చీరాని ఇంగ్లీషులో, బ్రేకు పెడల్ అడుక్కి దిగిపోతోంది, బండి పక్కన పెట్టాలన్నాడు. కావలసిన సామాను సాయంత్రానికి వస్తుంది, ఈలోగా ఒక్క ట్రిప్పు వెయ్యి అన్నాడు ఫోర్‌మన్. హారన్ ఒప్పుకోలేదు. నువ్వు ఎక్కకపోతే ఇంకొకర్ని ఎక్కిస్తానన్నాడు ఫోర్‌మన్. అప్పుడు హారన్ చేతి తొడుగులు తీసి నేలకేసి కొట్టాడు, గొంతు చించుకుని అరిచాడు, అరిచి తనే బండెక్కాడు. చుట్టూ రాళ్ళు పగలగొట్టే మరలు ఆడుతుండటంతో ఆ గొడవ మూడో మనిషి చెవిన పడలేదు.

"విచారణలో నేను ఒప్పేసుకున్నాననే అనుకున్నాను" అన్నాడు ఫోర్‌మన్. "కోపంగా ఉన్నాడన్నాను. ఆపి ఉండాల్సిందన్నాను. తర్వాత ప్రశ్న ఏం వస్తుందో నాకు తెలుసు: ఎందుకు కోపం? దానికోసం కాచుక్కూర్చున్నాను. ఆయన చాలు అన్నాడు. నన్ను కాపాడాలని వదిలేశాడనుకున్నాను. ఎవరూ అడగలేదు కదా అని నేనూ నోరు మూసుకున్నాను. నాది అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను."

బాబాయికి ఇంగ్లీషు రాదు. కానీ ఆ ముఖం చూస్తే తెలిసిపోయింది. పిడికిలి బిగించాడు, మళ్ళీ వదిలేశాడు. "అమ్మకు ఈ మాట వాడి నోటితోనే చెప్పించు" అన్నాడు కూతురితో.

ఆ తర్వాతి సెలవు రోజున బాబాయి వెంట ఫోర్‌మన్ వాళ్ళింటికి వచ్చాడు. కూతురు ముందే తల్లికి సంగతి చెప్పి ఉంచింది. విన్నప్పుడు ఆమె సంతోషించలేదు. "మళ్ళీ ఒక మాట, మళ్ళీ ఒక అర్థం. నేను దేన్ని నమ్మేది?" అంది. అతను వచ్చేసరికి మిషను ముందే కూర్చుని ఉంది. కుర్చీ చూపించింది గానీ పలకరించలేదు. అతను కూర్చోలేదు. చెప్పాల్సిందంతా నిలబడే చెప్పాడు. కూతురు తెలుగులో చెబుతూ పోయింది.

"అరిచాడన్నావు. ఏమని అరిచాడు?" అని అడిగింది ఆమె.

ఫోర్‌మన్ ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "మీ భాషలో అరిచాడు. అర్థం నాకు తెలియదు. కానీ రెండేళ్ళుగా ఆ చప్పుడు నా చెవుల్లోంచి పోలేదు." కళ్ళు మూసుకుని, అక్షరాలు కూడబలుక్కుంటూ, ఎక్కడెక్కడో సాగదీస్తూ అన్నాడు: "బాండీకీ నోరూంటే... నిన్నూ బూతూల్ తిట్టేదీరా."

ఈసారి కూతురు తెలుగులో చెప్పనక్కర్లేకపోయింది.

బండికి నోరుంటే నిన్ను బూతులు తిట్టేదిరా. ఆ మాట ఈ లోకంలో ఇంకెవరూ అనరు. స్కూటరుకు నూనె మార్చడం మరిచిపోయిన తమ్ముణ్ణి అలాగే తిట్టేవాడు. మిషనును సూది విరిగేదాకా తొక్కితే భార్యను కూడా, 'రా' తీసేసి, అలాగే తిట్టేవాడు. అర్థం తెలియని నోట్లో రెండేళ్ళు ఉండి కూడా ఆ మాట ఎక్కడా చెడలేదు.

"పై అధికారిని పట్టుకుని 'రా' అన్నాడా!" అంది ఆమె. ఒక్క నవ్వు వచ్చింది. ఆ నవ్వు సగంలోనే విరిగి, ఆమె మిషను మీదికి వంగిపోయింది. భర్త పోయిన రోజు రావలసిన ఏడుపు అప్పుడు వచ్చింది. కూతురు దగ్గరికి పోబోతే బాబాయి చెయ్యి పట్టి ఆపాడు.

చాలాసేపటికి ఆమె తలెత్తింది. ఫోర్‌మన్ అక్కడే నిలబడి ఉన్నాడు.

"బ్రేకు లేదని తెలిసే పంపావా?"

కూతురు ఆ ప్రశ్నను ఇంగ్లీషులోకి మార్చింది. "తెలిసే" అన్నాడతను.

"క్షమించమని అడగడానికి వచ్చావా?"

"కాదు. అడిగే ముఖం లేదు."

"అయితే ఈ మాటలు నా ఇంట్లో కాదు, ఆ షెడ్డులో చెప్పు. మమ్మల్ని ఆ బెంచీ మీదే కూర్చోబెట్టి చెప్పు."

చెప్పాడు. కంపెనీవాళ్ళు మొదట కుదరదన్నారు, మూసేసిన సంగతి తిరగదోడేది లేదన్నారు. ఫోర్‌మన్ తనంతట తనే వచ్చి తప్పు ఒప్పుకుంటానంటే కాదనడానికి వాళ్ళకు నోరు రాలేదు. అదే రేకుల షెడ్డులో, అదే ఆఫీసరు ముందు మళ్ళీ కూర్చున్నారు. ఈసారి మేనేజరును దూరంగా కూర్చోబెట్టి, కూతురు మధ్యలో కుర్చీ వేసుకుంది. ఫోర్‌మన్ ఒక్కొక్క వాక్యం పూర్తి చేసినప్పుడల్లా ఆమె అతన్ని ఆపి, "అంటే?" అని అడిగింది. వివరించాక ఆఫీసరు వైపు తిరిగి, "మీకేమని అర్థమైంది?" అని అడిగింది. ఇద్దరూ ఒకటే చెబితే గానీ ముందుకు పోనివ్వలేదు.

మొదటి విచారణలోని ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆఫీసరు చేతిలో పెన్ను మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు. "మా ఊళ్ళో ఆ మాటకు ఒకటే అర్థం" అన్నాడు. "ఇంకో అర్థం ఉందని ఎక్కడో విన్నాను కూడా. ఆ క్షణంలో తోచలేదు. అతను వేరే భాషవాడైతే మధ్యలో ఒక మనిషిని పెట్టేవాణ్ణి. ఇద్దరిదీ ఇంగ్లీషే కదా అనుకున్నాను. పోయిన మనిషి తాగుడు గురించి భార్యాబిడ్డల ముందు గుచ్చి గుచ్చి అడగడం మర్యాద కాదని ఆపేశాను."

కూతురు చెప్పింది విని తల్లి అతని వంక చూసింది. ఆమె గొంతులో కోపం లేదు, జాలీ లేదు.

"ఆ మర్యాదే మా కొంప ముంచింది బాబూ. ఇంకొక్క ప్రశ్న అడిగి ఉండాల్సింది."

ఆఫీసరు పెన్ను తీసి ఆ మాట కూడా రాసుకున్నాడు.

ప్రమాదానికి కారణం బ్రేకు పాడైన బండిని నడిపించడమేనని, డ్రైవరు తప్పు లేదని తేల్చి గేటు దగ్గర అందరికీ వినిపించారు. ఫోర్‌మన్ మీద కేసు నడిచింది. అతను వాదించలేదు. శిక్ష పడినప్పుడు కూతురు వెళ్ళి చూసింది. తల్లి వెళ్ళలేదు. క్వారీలో డ్రైవరు వద్దన్న బండిని ఇంకొకరికి ఇవ్వకూడదని ఆ తర్వాత కట్టుబాటు పెట్టారు. అది ఎన్నాళ్ళు నిలుస్తుందో ఎవరికి తెలుసు?

టీ కొట్టువాడు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాడు. "నేనప్పుడే అన్నాను, ఆయన కళ్ళు దుమ్ముకే ఎర్రబడ్డాయని" అని బాబాయికి గ్లాసు అందించాడు. బాబాయి ఆ గ్లాసు వాడి ముఖాన కొట్టబోయాడట. ఇంటికి వచ్చి వదినతో చెబితే ఆమె, "వాడి మాట పట్టించుకునే కదయ్యా ఇంతదాకా వచ్చాం. టీ తాగి రావాల్సింది" అంది.

ఆ రోజు పని త్వరగా ముగించి, తల్లీకూతుళ్ళు అన్నానికి కూర్చున్నారు. రెండు ముద్దలు తిన్నాక తల్లి ఉన్నట్టుండి చెయ్యి ఆపింది.

"బ్రేకు లేదని తెలిసీ ఎక్కుతాడా మనిషి? ఇంట్లో ఇద్దరున్నారన్న ధ్యాస ఉండక్కర్లేదా?"

కూతురు తల్లి ముఖంలోకి చూసింది. "నాన్న ఎక్కకపోతే ఇంకొకర్ని ఎక్కించేవాళ్ళమ్మా."

"అది నాకు తెలియదా? ఆయన సంగతి నాకు నువ్వు చెప్పాలా?" ఆమె కళ్ళు తుడుచుకుంది. "అయినా నన్ను తిట్టుకోనీ. రెండేళ్ళు చెయ్యని తప్పుకు తిట్టాను. చేసినదానికి ఒక్కపూటైనా తిట్టొద్దూ?"

ఆమె తిడుతూనే ఉంది. అంత మొండితనం పనికిరాదంది. ఊరందరి బరువూ ఆయనకే కావాలంది. ప్రతి మాటలోనూ "ఆయన" అంది. కూతురు ఎంగిలిచేత్తో అలాగే కూర్చుని, ఒక్కదానికీ అడ్డు చెప్పకుండా విన్నది.